అనకాపల్లి: యాత్రికులకు తొలి పరిచయం

అనకాపల్లి విశాఖపట్నానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, శారదా నది ఒడ్డున ఉన్న పట్టణం. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ 86,519 మంది ఉన్నారు. చెన్నై–హౌరా రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి ఇటుగానే పోతాయి. 2013లో ఈ ఊరి పురపాలక సంఘాన్ని మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లాను విడదీసి అనకాపల్లిని కొత్త జిల్లాకు కేంద్రం చేశారు. అలా ఊరు ఒక జిల్లాకు కేంద్రమైంది, దాని నగరపాలక సంస్థ మాత్రం పక్క జిల్లాది.

జిల్లా కొత్తదే గాని ఊరి పక్కనున్న శంకరం గ్రామం చాలా పాతది. బౌద్ధ భిక్షువుల ‘సంఘారామం’ వాడుకలో అరిగి ‘శంకరం’ అయిందంటారు. అక్కడి రెండు కొండల మీద క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం దాకా బౌద్ధం నిలిచింది. బొజ్జన్నకొండ మీద రాతిని తొలిచి గుహలు చేశారు. పెద్ద గుహలో 16 స్తంభాలు, నడుమ ఏకశిలా స్తూపం ఉంటాయి. పక్క కొండనిండా వరుసలు తీరిన రాతి స్తూపాలే. జనానికి అవి శివలింగాల్లా కనిపించాయి కాబట్టి అది లింగాలకొండ అయింది. 1907లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వించినప్పుడు సముద్రగుప్తుని బంగారు నాణెం, చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుని రాగి నాణేలు బయటపడ్డాయి. బుద్ధుడి పేరే బొజ్జన్నగా మారిందన్నది పండితుల మాట. ఊళ్లవాళ్ల మాట వేరు: బొజ్జన్న ఒక రాక్షసుడు. కనుమనాడు జనం కొండెక్కి, వాడి బొజ్జ అనుకున్న కట్టడం మీద రాళ్లు రువ్వేవారు. వారసత్వ పరిరక్షకులు నచ్చచెప్పాక ఆ రాళ్లు ఆగాయి. కనుమ తీర్థం మాత్రం ఆగలేదు.

బయటి ఊళ్లవాళ్లకు అనకాపల్లి అంటే బెల్లమే. చెరకును గానుగాడి, రసాన్ని పెద్ద పెనంలో కాచి, పాకాన్ని దిమ్మలుగా పోస్తారు. పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పే. ఆ దిమ్మలు చేరే ఇక్కడి మార్కెట్టు దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. రంగును బట్టి రకం, రకాన్ని బట్టి ధర. తూచే కొలగార్లు, మోసే కళాసీలు లేనిదే అక్కడ దిమ్మ కదలదు. మెరిసే పసుపు దిమ్మను చూసి మోసపోనక్కర్లేదు, ముదురు రంగుదే రుచి అనేవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. 1913 నుంచి ఇక్కడ నడుస్తున్న వ్యవసాయ పరిశోధన కేంద్రం చెరకులో కొత్త రకాలు తెచ్చింది. అందులో ఒకదానికి ఊరి నది పేరే పెట్టారు: శారద.

తీరిక ఉన్నవాళ్లు జిల్లాలోకి వెళ్లవచ్చు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. కొండకర్ల ఆవ అనే సరస్సులో పక్షులు, మాడుగులలో హల్వా. గురజాడ అప్పారావు పుట్టిన ఎస్. రాయవరం, అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట కూడా ఈ జిల్లావే.

ఊరి ఇలవేల్పు నూకాంబిక. పాత పేరు కాకతాంబ. ఉగాదికి ముందురోజు, కొత్త అమావాస్యనాడు మొదలయ్యే జాతర నెల్లాళ్లు సాగుతుంది. అప్పటికి గానుగలు చివరి పాకాలు పోస్తుంటాయి. జాతర, బెల్లం రెండూ చూడాలనుకుంటే రావలసింది ఆ రోజుల్లోనే.