కౌమరిన్

కౌమరిన్ ఒక ఆరోమాటిక్ సేంద్రియ సమ్మేళనం. దీని అణు ఫార్ములా సి₉హెచ్₆ఓ₂. అణుభారం 146.14. తెల్లని స్ఫటికాలుగా ఉండే ఈ పదార్థం సుమారు 70° సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. అప్పుడే కోసి ఎండబెట్టిన గడ్డిని పోలిన తియ్యని వాసన కలిగివుంటుంది.

చరిత్ర

1820లో టోంకా గింజల నుండి దీనిని వేరుచేసారు. 1868లో విలియం హెన్రీ పెర్కిన్ కృత్రిమంగా తయారుచేసాడు.

ఉపయోగాలు

పరిమళద్రవ్యాలు, సబ్బుల తయారీలో వాడుతారు. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డిలో కౌమరిన్ డైకౌమరాల్‌గా మారుతుంది. ఆ గడ్డిని మేసిన పశువులు రక్తస్రావంతో మరణించేవి. ఈ పరిశోధనల ఫలితంగానే రక్తం గడ్డకట్టడాన్ని నిరోధించే వార్ఫరిన్ ఔషధం లభించింది. కౌమరిన్‌కు స్వతహాగా ఈ గుణం లేదు.

దుష్ప్రభావాలు

అధిక మోతాదులో కాలేయానికి హాని కలిగించవచ్చు. అమెరికా 1954లో ఆహారపదార్థాలలో దీనిని కలపడాన్ని నిషేధించింది. సింహళ దాల్చినచెక్కలో కంటే కేసియా దాల్చినచెక్కలో కౌమరిన్ చాలా ఎక్కువ.