ఎరుపు, ఆకుపచ్చ, ఉద్యోగం: వర్ణాంధత్వ పరీక్ష చరిత్ర

ఉద్యోగంలో చేరేముందు చేసే వైద్య పరీక్షలు చాలా ఉన్నాయి. ఎత్తు, బరువు, ఛాతీ కొలతలు, రక్తపోటు, వినికిడి, చూపు వంటివన్నీ వాటిలోకి వస్తాయి. వీటిలో చాలావాటికి పుట్టిన తేదీ చెప్పలేం. సైన్యం నుంచి కొన్ని, జీవితబీమా వ్యాపారం నుంచి కొన్ని, ఫ్యాక్టరీ చట్టాల నుంచి కొన్ని వచ్చి కలిశాయి. రంగుల పరీక్ష సంగతి వేరు. అది ఎందుకు వచ్చిందో, ఎవరు తెచ్చారో, దానివల్ల ఎవరికి ఏమయిందో జాడ తీయవచ్చు. కౌన్సిలింగ్ తరగతుల్లో నేను ఈ విషయం ఎత్తినప్పుడల్లా, రైల్వేలోనో ఆర్టీసీలోనో పనిచేసే విద్యార్థి ఒకరు "చుక్కల పుస్తకం గురించేనా సార్?" అని అడిగేవారు. అవును, ఆ చుక్కల పుస్తకం గురించే.

ఒక శాస్త్రవేత్త కళ్లు

ఎరుపును, ఆకుపచ్చను వేరుచేసి చూడలేని స్థితిని వర్ణాంధత్వం అంటున్నాం. ఆ మాట కొంత తప్పుదోవ పట్టిస్తుంది. అలాంటి మనిషి గుడ్డివాడు కాదు, చాలామందికి మామూలు చూపు పదునుగానే ఉంటుంది. కొన్ని రంగుల మధ్య తేడా మాత్రం వారికి తెలియదు. ఇది పుట్టుకతో వచ్చేది. దీనికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల పురుషుల్లో ఎక్కువ, స్త్రీలలో చాలా అరుదు.

దీన్ని మొదట వివరంగా వర్ణించినవాడు జాన్ డాల్టన్. పరమాణు సిద్ధాంతంతో మీకు తెలిసిన డాల్టనే. ఒక జెరేనియం పువ్వు తనకు పగలు నీలంగా, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనిపించడం గమనించి, తన చూపు ఇతరుల చూపులాంటిది కాదని గ్రహించాడు. 1794లో మాంచెస్టర్‌లోని ఒక విద్వత్సభలో ఆ సంగతి చదివాడు. తన కంటిలోని ద్రవం నీలిరంగులో ఉండవచ్చని ఆయన ఊహ. చనిపోయాక తన కళ్లు కోసి చూడమని చెప్పి పోయాడు. 1844లో ఆయన మరణించాక వైద్యుడు చూస్తే ద్రవం తేటగానే ఉంది. భద్రపరిచిన ఆ కంటి కణజాలం నుంచి తీసిన డీఎన్‌ఏను 1995లో పరిశీలించి, ఆకుపచ్చ వైపు సున్నితంగా ఉండే వర్ణకం ఆయనకు లేదని తేల్చారు.

విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటుంది. డాల్టన్ కాలంలో ఈ లోపం వల్ల ఎవరి ఉద్యోగమూ పోలేదు. డాల్టన్ పాఠాలు చెప్పుకున్నాడు, ప్రయోగాలు చేసుకున్నాడు. రైతుకు గానీ వడ్రంగికి గానీ గుమాస్తాకు గానీ దీనివల్ల బతుకు ఆగిపోయేది కాదు. దీన్ని అనర్హతగా మార్చింది రైలు.

రాత్రి సిగ్నల్

పగటిపూట పాత రకం రెక్క సిగ్నల్ చూసిన డ్రైవరుకు రంగుతో పెద్దగా పనిలేదు. రెక్క అడ్డంగా ఉందా, వాలి ఉందా అన్నది చూస్తే చాలు. రాత్రి ఆ రెక్క కనబడదు, దాని పక్కన ఉన్న దీపం ఒక్కటే కనబడుతుంది. అప్పుడు రంగు తప్ప డ్రైవరుకు వేరే ఆధారం లేదు. వేగంగా వెళ్లే రైలుకు ఎరుపు దీపం ఆకుపచ్చగా తోస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఎడిన్‌బరోకు చెందిన జార్జ్ విల్సన్ 1855లోనే ఒక పుస్తకం రాసి ఈ ప్రమాదాన్ని హెచ్చరించాడు. అయినా చాలా రైల్వే కంపెనీలు దాన్ని పట్టించుకోలేదు.

పట్టించుకునేలా చేసిన సంఘటనగా అందరూ చెప్పేది స్వీడన్‌లోని లాగర్‌లుండా ప్రమాదం. 1875 నవంబరులో ఒకరాత్రి, ఒంటిలైను మార్గంలో రెండు ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. 9 మంది చనిపోయారు. ఉప్సాలా విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం బోధించే ఫ్రిథియోఫ్ హోల్మ్‌గ్రెన్, ఇంజను మీద ఉన్నవారిలో ఒకరికి వర్ణాంధత్వం ఉండి ఉండవచ్చని అన్నాడు. మరుసటి సంవత్సరం ఆయన ఉప్సాలా-యేవ్లె రైలుమార్గంలో పనిచేసే 200 మందికి పైగా ఉద్యోగులను పరీక్షించాడు. వాళ్లలో కొందరు వర్ణాంధులు బయటపడ్డారు. అంతకుముందు వాళ్ల పై అధికారులకు ఆ సంగతే తెలియదు. స్వీడన్ రైల్వేలు పరీక్షను తప్పనిసరి చేశాయి. కొన్నేళ్లలోనే అది యూరప్‌లోని ఇతర దేశాలకూ అమెరికాకూ పాకింది. బోస్టన్ వైద్యుడు బెంజమిన్ జాయ్ జెఫ్రీస్ 1879లో ఇదే విషయం మీద పెద్ద పుస్తకం రాశాడు.

ఇంతవరకు కథ చాలా పాఠ్యగ్రంథాల్లో ఇలాగే ఉంటుంది. ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నాయి. నేనూ చాలా ఏళ్లు ఇలాగే చెప్పాను. ఇటీవల దృష్టిశాస్త్ర పరిశోధకులు ఆ ప్రమాదం రికార్డులను మళ్లీ తెరిచి చూసి, దానికి వర్ణాంధత్వమే కారణమన్న వాదన బలహీనమైనదని చూపించారు. ఇంజను మీద ఉన్నవారు ఆ ప్రమాదంలోనే మరణించారు కాబట్టి వాళ్ల కళ్లను పరీక్షించే అవకాశం ఎవరికీ లేకపోయింది. హోల్మ్‌గ్రెన్ చెప్పినది రుజువు కాదు, ఊహ. అంతమాత్రాన ఆయన పరీక్ష పనికిరానిదని కాదు. రాత్రి దీపాన్ని గుర్తించలేని మనిషిని ఇంజను మీద నిలబెట్టకూడదన్నది నిజమే. కానీ ఒక ప్రమాదానికి కారణం కార్మికుడి కంటిలో ఉందని చెప్పగానే సిగ్నళ్ల ఏర్పాటు, స్టేషన్ల మధ్య సమాచారం, పనిగంటలు వంటి ప్రశ్నలు వెనక్కి పోతాయి. వైద్య పరీక్షల చరిత్ర చదివేటప్పుడు ఈ అనుమానాన్ని దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఉన్ని, లాంతరు, చుక్కలు

హోల్మ్‌గ్రెన్ పద్ధతి తేలికైనది. రకరకాల రంగుల ఉన్ని చిలపలు బల్లమీద కుప్పగా పోస్తారు. లేత ఆకుపచ్చ చిలప ఒకటి చేతికిచ్చి, దానికి దగ్గరగా ఉన్నవన్నీ ఏరమంటారు. రంగు పేరు మాత్రం అడగరు. వర్ణాంధులు ఆకు పచ్చన, రక్తం ఎరుపు అని చిన్నప్పటి నుంచి వినివిని పేర్లు సరిగానే చెప్పగలరు. ఏరమంటే మాత్రం ఆకుపచ్చతోపాటు బూడిదరంగు, గోధుమరంగు చిలపలు కూడా పక్కన పెడతారు. ఈ రెండో పరీక్షలో దాచడం కష్టం.

బ్రిటన్‌లో ఎడ్రిడ్జ్-గ్రీన్ అనే వైద్యుడు దీన్ని గట్టిగా ఎదిరించాడు. డ్రైవరు చేయవలసింది ఉన్ని ఏరడం కాదు, దూరాన మంచులోనో పొగలోనో ఉన్న దీపాన్ని గుర్తించడం. కాబట్టి పరీక్ష కూడా దీపంతోనే జరగాలన్నాడు. రంగు అద్దాలు మార్చగల ఒక లాంతరు తయారుచేశాడు. ఉన్ని పరీక్ష ప్రమాదకరమైన వాళ్లను కొందరిని వదిలేస్తుంది, పనికొచ్చే వాళ్లను కొందరిని తోసేస్తుంది అన్నది ఆయన ఆరోపణ. ఈ వాదం ఏళ్ల తరబడి నడిచింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. పరీక్ష దేన్ని కొలవాలి? శరీరంలో ఉన్న లోపాన్నా, ఆ పని చేయగల శక్తినా? ఈ రెండూ ఒకటి కావు.

మూడో పద్ధతి జపాన్ నుంచి వచ్చింది. షినోబు ఇషిహారా అనే సైనిక వైద్యుడు 1917లో చుక్కల పటాలు ప్రచురించాడు. రంగు చుక్కల మధ్య ఒక అంకె దాగి ఉంటుంది. మామూలు చూపు ఉన్నవారికి ఒక అంకె, వర్ణాంధులకు మరో అంకె కనిపిస్తుంది, లేదా ఏమీ కనిపించదు. పుస్తకంలో మొదటి పటం మీద 12 అంకె ఉంటుంది. దాన్ని వర్ణాంధులు కూడా చదవగలరు. ఎందుకు పెట్టారు? పరీక్ష తీరు అర్థమయిందో లేదో తెలుసుకోవడానికి, అది కూడా కనిపించడం లేదని చెప్పి సైన్యాన్ని తప్పించుకోజూసే వాళ్లను పట్టుకోవడానికి. ఉద్యోగం కోసం వచ్చేవాళ్లు దీనికి సరిగ్గా వ్యతిరేకం చేస్తారు, పటాల వరుసను బట్టీ పడతారు. ఇషిహారా పుస్తకం చౌక, తేలిక, నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ప్రపంచమంతా నిలిచింది. అయితే అది చాలా సున్నితమైనది. దీపం రంగు చక్కగా చెప్పగలిగిన స్వల్పలోపం ఉన్నవాణ్ణి కూడా అది పట్టేస్తుంది.

భారతీయ రైల్వేల వర్గాలు

భారతీయ రైల్వేలలో ఇషిహారా పటాలూ ఎడ్రిడ్జ్-గ్రీన్ లాంతరూ రెండూ వాడుకలో ఉన్నాయి. ఇక్కడ ఉద్యోగాలను ఏ-1, ఏ-2, ఏ-3, బి-1, బి-2, సి-1, సి-2 అని వైద్య వర్గాలుగా విడదీశారు. రైలు నడిపేవారు ఏ-1 లోకి వస్తారు. చూపు నిబంధన అన్నిటికన్నా కఠినంగా ఉండేది వారికే. సి వర్గాల్లో రంగుల చూపు అడగరు. పరీక్ష చేరేటప్పుడు ఒక్కసారితో పోదు. ఏ వర్గాల వారికి 45 ఏళ్ల వరకు నాలుగేళ్లకోసారి, 55 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా జరుగుతుంది. రైల్వే కుటుంబాల్లో పీఎంఈ అనే మూడక్షరాలు తెలియనివారు ఉండరు.

ఈ వర్గాల ఏర్పాటులో ఒక మంచి గుణం ఉంది. ఏ-1లో తప్పినవాడు రైల్వేకే పనికిరాడని అర్థం కాదు. కింది వర్గానికి సరిపోతే ఆ పనికి మార్చవచ్చు. దీన్నే ఉద్యోగులు డీకేటగరైజ్ అవడం అంటారు. ఆ మాటలో దిగులుంది, జీతభత్యాల నష్టం భయం ఉంది. అయినా ఇంటికి పంపడం కన్నా అది నయం. పరీక్ష "కాదు" అని చెప్పాక మనిషిని ఏం చేయాలన్న ప్రశ్నకు రైల్వేలు ఇచ్చుకున్న జవాబు అది.

ఫ్యాక్టరీలలో పరిస్థితి వేరుగా మొదలైంది. అక్కడ 1948 ఫ్యాక్టరీల చట్టం కింద సర్టిఫయింగ్ సర్జన్ అనే వైద్యుడు, ఆ పనికి ఆ కుర్రవాడు తట్టుకోగలడా లేదా చూసి ధ్రువపత్రం ఇచ్చేవాడు. ఉద్దేశం కార్మికుణ్ణి కాపాడటం. రైల్వే పరీక్ష ఉద్దేశం ప్రయాణికుణ్ణి కాపాడటం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. 1950లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి సంఘం వృత్తి ఆరోగ్యాన్ని నిర్వచిస్తూ, మనిషిని పనికి, పనిని మనిషికి రెండువైపులా సరిచేయాలని చెప్పింది. నేడు కార్యాలయాల్లో పెట్టే కంటి శిబిరాలూ వెల్‌నెస్ కార్యక్రమాలూ ఈ రెండో ఆలోచన నుంచి వచ్చినవే. కానీ శిబిరంలో రాసిన కాగితం ఉద్యోగి చేతికి వెళ్తుందా, మేనేజరు బల్లమీదికి వెళ్తుందా అన్నదాన్ని బట్టి అది సంక్షేమమా, వడపోతా అన్నది తేలుతుంది.

చట్టం మధ్య ఖాళీ

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1995 నాటి వికలాంగుల చట్టంలోని 47వ సెక్షన్, ప్రభుత్వ సంస్థల ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన వ్యక్తిని తొలగించకూడదని, వేరే పని చూపాలని చెప్పింది. 2016 చట్టం ఆ రక్షణను కొనసాగించి, వైకల్యాల జాబితాను 21కి పెంచింది. ఆ 21లో వర్ణాంధత్వం లేదు. ఫలితంగా ఒక విచిత్రమైన స్థితి ఏర్పడింది. పరీక్ష ప్రకారం అతను పనికి అనర్హుడు, చట్టం ప్రకారం అతను వికలాంగుడు కాడు. ఉద్యోగమూ లేదు, రక్షణా లేదు.

న్యాయస్థానాలు ఈ ఖాళీని కొద్దికొద్దిగా పూడుస్తూ వచ్చాయి. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్ కోర్సుకు ఎంపికై, వర్ణాంధత్వం కారణంగా ప్రవేశం పోగొట్టుకున్న అభ్యర్థికి 2022లో సుప్రీంకోర్టు సీటు ఇప్పించింది. తమిళనాడు విద్యుత్ సంస్థలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం నిరాకరించిన వ్యక్తి విషయంలో 2023లో అలాంటి తీర్పే వచ్చింది. ఈలోగా కేంద్ర ప్రభుత్వం 2020లో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, స్వల్ప, మధ్యస్థ స్థాయి వర్ణాంధత్వం ఉన్నవారికి డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వవచ్చని చెప్పింది.

తెలుగువారికి దగ్గరి కేసు ఆర్టీసీది. ఉమ్మడి రాష్ట్ర ఆర్టీసీలో 2014లో డ్రైవరుగా చేరిన ఒకాయనకు తరువాత జరిగిన వైద్య పరీక్షలో వర్ణాంధత్వం ఉందని తేలింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ ఆర్టీసీ 2016 జనవరిలో ఆయనను వైద్య కారణాలమీద రిటైర్ చేసింది. వేరే పని ఇవ్వమని అడిగితే నిబంధనలు ఒప్పుకోవన్నారు. వర్ణాంధత్వం వైకల్యాల జాబితాలో లేదు కదా. హైకోర్టులో చివరికి ఆయనకు చుక్కెదురైంది.

ఆయనను ఆదుకున్నది వికలాంగుల చట్టం కాదు, ఒక పాత కాగితం. 1979 డిసెంబరులో ఆర్టీసీ యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య పారిశ్రామిక వివాదాల చట్టం కింద కుదిరిన ఒప్పందంలో ఒక అంశం ఉంది. వర్ణాంధత్వం తేలిన డ్రైవర్లకు జీతం తగ్గకుండా వేరే ఉద్యోగం ఇవ్వాలన్నది దాని సారం. జాతీయ స్థాయిలో వికలాంగుల చట్టం రావడానికి 16 ఏళ్ల ముందే ఈ సమస్యను పేరుపెట్టి గుర్తించి జవాబు రాసుకున్నారు. డాల్టన్ పేరు గానీ హోల్మ్‌గ్రెన్ పేరు గానీ బహుశా ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఎవరూ విని ఉండరు. డిపోల్లో స్టీరింగు దించి ఇంటికి పంపిన తోటివాళ్లను మాత్రం చూసే ఉంటారు. తరువాత కుదిరిన వేరొక ఒప్పందంతో ఇది రద్దయిందని సంస్థ వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2025 ఆగస్టు 1న ఇచ్చిన తీర్పులో, వేరే పని చూపడానికి నిజంగా ప్రయత్నం చేయకుండా ఉద్యోగిని తీసేయడం తప్పని చెప్పి, ఆయన పరిస్థితికి తగిన పోస్టును, తొలగించిననాటి జీతశ్రేణిలోనే, 8 వారాల్లో ఇవ్వమని ఆదేశించింది. మధ్యలో పోయిన తొమ్మిదిన్నర ఏళ్ల జీతంలో 25 శాతం బకాయిగా చెల్లించమంది.