బాగ్దాద్, కైరో: యుద్ధంలో నలిగిన దేశం, నిలదొక్కుకున్న దేశం

చరిత్ర గ్రంథాలలో రాజుల పేర్లు దొరుకుతాయి. యుద్ధాల తేదీలు దొరుకుతాయి. ఆ రాజుల ఏలుబడిలో రైతు ఇంట పొయ్యి వెలిగిందా, జబ్బుపడిన బాటసారికి మందు దొరికిందా, బజారులో నాణెం చెల్లిందా అన్న విషయాలు మాత్రం వెదికితే గాని కనిపించవు. దివ్య ఖురానులోని ఖురైష్ సూరా అన్నాన్నీ, అభయాన్నీ రెండు అనుగ్రహాలుగా జంటగా పేర్కొన్నది. ఈ రెండూ ఎంతగా పెనవేసుకొని ఉన్నాయో తెలుసుకోవడానికి ఇస్లామీ చరిత్రలో పదమూడు, పద్నాలుగు శతాబ్దాల కంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అప్పట్లో ఇరాక్, ఇరాన్ దేశాలు మంగోలు దండయాత్రలలో నలిగిపోగా, ఈజిప్టు మమ్లూక్ సుల్తానుల పాలనలో నిలదొక్కుకున్నది. రెండు చోట్లా మతం ఒకటే, ధర్మశాస్త్రం ఒకటే, విద్వాంసుల భాష ఒకటే. అయినా ప్రజల జీవితాలు వేర్వేరు దారులు పట్టాయి.

ఈ రెండు దేశాలనూ ఏడాది వ్యవధిలో కళ్ళారా చూసిన సాక్షి ఒకరున్నారు. ఆయన టాంజియర్ వాసి ఇబ్న్ బతూతా. 1325లో, ఇరవై ఒక్కటవ యేట, హజ్ సంకల్పంతో ఇల్లు విడిచిన ఆ యువకుడు 1326లో కైరోనూ, 1327లో బాగ్దాదునూ చూశాడు.

రెండు ఆసుపత్రులు

కైరోలో ఇబ్న్ బతూతాను ఆకట్టుకున్న కట్టడాలలో మన్సూరీ బీమారిస్తాన్ ఒకటి. దానిని సుల్తాన్ ఖలావూన్ హి.శ. 683 (క్రీ.శ. 1284)లో నెలకొల్పాడు. జ్వరపీడితులకు, కంటి జబ్బుల వారికి, శస్త్రచికిత్స అవసరమైన వారికి, అతిసార రోగులకు అందులో వేర్వేరు విభాగాలుండేవి. ధనికుడని, పేద అని, పురుషుడని, స్త్రీ అని, స్థానికుడని, పరదేశి అని భేదం లేకుండా చికిత్స జరగాలని దాని వక్ఫు పత్రం విధించింది. ఖర్చుల కోసం సుల్తాను ఆస్తులను వక్ఫు చేశాడు. రాజు ఖజానా నిండినా, ఖాళీ అయినా ఆ ఆస్తుల ఆదాయం ఆసుపత్రికి చేరవలసిందే. గుండె నుండి ఊపిరితిత్తులకు రక్తం ప్రసరించే తీరును తొలిసారిగా వివరించిన వైద్యుడు ఇబ్నున్నఫీస్ 1288లో మరణించే ముందు తన ఇంటినీ, గ్రంథాలనూ ఈ ఆసుపత్రికే రాసి ఇచ్చాడు.

బాగ్దాదులో అంతకు మూడు వందల సంవత్సరాలకు ముందే, 982లో, బువైహీ పాలకుడు అదుదుద్దౌలా ఒక గొప్ప ఆసుపత్రిని ప్రారంభించాడు. 1184లో అండలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ బాగ్దాదు వచ్చినప్పుడు, టైగ్రిస్ ఒడ్డున ఉన్న ఆసుపత్రి రాజభవనంలాగా ఉండేది. వైద్యులు ప్రతి సోమవారం, గురువారం వచ్చి రోగులను పరీక్షించేవారు. పరిచారకులు మందులూ, ఆహారమూ సిద్ధం చేసేవారు. నూట నలభై మూడేళ్ళ తరువాత అదే నగరంలోని ఆసుపత్రిని ఇబ్న్ బతూతా చూశాడు. ఆయనకు కనిపించినది శిథిలమైన ఒక పెద్ద భవనం. ఆనవాళ్ళు మాత్రమే మిగిలాయి. నగరపు పడమటి భాగంలో ఇబ్న్ జుబైర్ పదిహేడు పేటలను లెక్కించగా, ఇబ్న్ బతూతా నాటికి అవి పదమూడయ్యాయి.

ఈ నూట నలభై మూడేళ్ళ మధ్యనే 1258 వచ్చింది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో హులాగూ ఖాన్ సేనలు బాగ్దాదును పట్టుకొని, ఖలీఫా ముస్తాసిమ్‌ను చంపి, నగరాన్ని కొల్లగొట్టాయి. అయితే ఈ నాశనాన్నంతటినీ ఒక్క దండయాత్ర ఖాతాలో వేయడం న్యాయం కాదు. పడమటి బాగ్దాదు చాలా భాగం పాడుబడి ఉన్నదని ఇబ్న్ జుబైరే రాశాడు. అంటే హులాగూ పుట్టకముందే ఆ నగరం క్షీణించసాగింది. దానికి మూలం ఎక్కడున్నది?

నీటి కథ

ఇరాక్‌కు ప్రాణం కాలువలు. బాగ్దాదుకు తూర్పున నహ్రవాన్ అనే మహా కాలువ ఉండేది. టైగ్రిస్ నీటిని విశాలమైన పొలాలకు పంచిన ఆ కాలువకు ఏటా పూడిక తీయాలి, గట్లు సరిచేయాలి, తూములు చూసుకోవాలి. ఈ పని ఒక రైతుతోనో, ఒక గ్రామంతోనో అయ్యేది కాదు. కాలువ పొడవునా ఒకే అధికారం, ఒకే శాంతి ఉండాలి. 937లో సేనానుల మధ్య అంతఃకలహం రేగినప్పుడు, బజ్కమ్ అనే ప్రత్యర్థి ముందుకు రాకుండా ఇబ్న్ రాయిఖ్ ఈ కాలువ గట్టును తెగగొట్టించాడు. శత్రువును ఆపడానికి తీసిన ఆ గండి పొలాలనే ఎండగట్టింది. తరువాతి పాలకులు కొంత బాగుచేసినా పూర్వస్థితి తిరిగి రాలేదు. ముస్లిం సేనానులే మొదలుపెట్టిన ఈ విధ్వంసాన్ని మంగోలులు ముగింపుకు తెచ్చారంటే తప్పు కాదు.

ఈజిప్టుకు నైలు నది ప్రాణం. వరద నీటిని నిలబెట్టే గట్లు అక్కడ రెండు రకాలు: ప్రభుత్వం చూసుకోవలసిన సుల్తానీ గట్లు, గ్రామాల స్థాయిలో చూసుకోవలసిన బలదీ గట్లు. కైరో వద్ద రౌదా ద్వీపంలో, 861లో నిర్మించిన కొలమానంతో నీటి మట్టాన్ని కొలిచేవారు. ఎంత నేల తడిసిందన్న దానిని బట్టి శిస్తు లెక్క తేలేది. సుల్తాన్ నాసిర్ ముహమ్మద్ 1310లో అలెగ్జాండ్రియాకు వెళ్ళే కాలువను తిరిగి తవ్వించాడు. ఈ పనులకు రైతుల చేత వెట్టి చేయించిన మాట కూడా నిజమే. ఐనా నీరు పారింది, పంట పండింది.

శిస్తు వసూలు

యుద్ధం ముగిసిన తరువాత కూడా యుద్ధపు అలవాట్లు ముగియవు. మంగోలు పాలకులు ఇరాన్, ఇరాక్‌లలో స్థిరపడిన తొలి దశాబ్దాలలో గ్రామాన్ని పోషించవలసిన ఆస్తిగా కాక, దోచుకోవలసిన సొత్తుగా చూశారు. 1295లో సింహాసనమెక్కి ఇస్లాం స్వీకరించిన గజాన్ ఖాన్‌కు మంత్రిగా పనిచేసిన రషీదుద్దీన్, అంతకు ముందరి దుస్థితిని తన చరిత్ర గ్రంథంలో వివరంగా వర్ణించాడు. ఒకే శిస్తును ఏడాదిలో పలుమార్లు వసూలు చేసేవారు. వసూలుదారులు వస్తున్నారో లేదో చూడడానికి ఊరివారు మిద్దెల మీద కాపలా ఉండేవారు. కొందరు ఇళ్ళు వదలి పారిపోయేవారు. తన ప్రభువు కీర్తిని పెంచడానికి ఆయన పాత రోజులను కొంత నల్లగా చిత్రించి ఉండవచ్చు. అయినా రైతులు భూములు విడిచిపోవడం ఆ కాలపు పెద్ద సమస్య అనడంలో సందేహం లేదు.

పట్టణాల పరిస్థితి కూడా అంతే. ఖజానా ఖాళీ అయిన గైఖాతూ 1294లో తబ్రీజు నగరంలో చైనా పద్ధతిలో కాగితపు డబ్బును ప్రవేశపెట్టాడు. జనం ఆ కాగితాన్ని నమ్మలేదు. బజార్లు మూతపడ్డాయి, తిండిగింజలు దొరకలేదు. కొద్ది వారాలకే దానిని రద్దు చేయక తప్పలేదు. ప్రభుత్వం మీద నమ్మకం లేనిచోట కాగితానికి విలువ ఎక్కడి నుండి వస్తుంది?

ఈజిప్టులో శిస్తులు తక్కువని కాదు. భూముల రాబడి సైనికాధికారులకు జాగీర్లుగా పోయేది. కాని అక్కడ లెక్క ఉండేది. 1315లో నాసిర్ ముహమ్మద్ భూములను తిరిగి సర్వే చేయించి, ధర్మశాస్త్ర సమ్మతం కాని అనేక సుంకాలను తొలగించాడు. ఎంత కట్టాలో తెలిసిన రైతు విత్తనం చల్లుతాడు; ఎవడు, ఎప్పుడు, ఎంత లాక్కుపోతాడో తెలియని రైతు విత్తనాన్ని దాచుకుంటాడు, లేదా తినేస్తాడు. స్థిరమైన దేశానికీ, యుద్ధదేశానికీ ఉన్న తేడా మొదట కనిపించేది ఈ గింజ దగ్గరే.

తరలిపోయిన గ్రంథాలు, మనుషులు

భూగోళ శాస్త్రజ్ఞుడు యాఖూత్ హమవీ ఖురాసానులోని మర్వ్ నగరంలో కొంతకాలం ఉన్నాడు. అక్కడ పది వక్ఫు గ్రంథాలయాలుండేవి. ఎటువంటి హామీ లేకుండానే రెండు వందల గ్రంథాలు ఆయన ఇంట ఉండేవట. మంగోలులు రానున్నారన్న వార్తతో ఆయన అన్నీ విడిచి పారిపోయి మోసుల్ చేరవలసి వచ్చింది. 1221లో మర్వ్ నేలమట్టమైంది. పుస్తకాన్ని హామీ లేకుండా ఇచ్చే నగరం ఎంత నమ్మకంతో బ్రతికి ఉండాలి! ఆ నమ్మకం కూడా గ్రంథాలతో పాటే పోయింది.

విద్వాంసులు శాంతి ఉన్న దిక్కుకు నడిచారు. గోర్ ప్రాంతపు మిన్హాజుద్దీన్ జూజ్జానీ 1227లో సింధు తీరంలోని ఉచ్ చేరి, తరువాత ఢిల్లీలో స్థిరపడి, 1260లో తన చరిత్ర గ్రంథాన్ని ముగించాడు. హర్రాన్‌లో 1263లో పుట్టిన ఇబ్న్ తైమియా, తన కుటుంబంతో పాటు 1269లో దమస్కుకు వలసపోయాడు. శరణార్థులు తెచ్చిన విద్యతో ఢిల్లీ, దమస్కు, కైరో నగరాలు సంపన్నమైనాయి. అయితే ఈ సంపద ఒకరి నష్టం నుండి మరొకరికి దక్కినదన్న సంగతి మరువరాదు.

ఈజిప్టు స్వర్గమా?

కాదు. 1260లో అయిన్ జాలూత్ వద్ద మంగోలులను ఓడించిన సుల్తాన్ ఖుతుజ్, విజయంతో తిరిగి వస్తూ ఉండగానే సొంత సేనానుల చేతిలో హతుడైనాడు. 1293లో సుల్తాన్ ఖలీల్ కూడా అదే విధంగా మరణించాడు. నాసిర్ ముహమ్మద్ రెండుసార్లు సింహాసనం పోగొట్టుకొని మూడవసారి స్థిరపడ్డాడు. 1295 ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. 1348లో ప్లేగు అసంఖ్యాకంగా ప్రాణాలను బలిగొన్నది. ఈజిప్టు శాంతికి సిరియా మూల్యం చెల్లించిందన్నది కూడా సత్యమే. పోరాటాలు ఎక్కువగా ఆ నేల మీదనే జరిగాయి; 1300లో దమస్కు కొంతకాలం గజాన్ సేనల వశమైంది.

అటు మంగోలు రాజ్యమూ అంతా చీకటి కాదు. హులాగూ 1259లో మరాగాలో వేధశాల నిర్మాణానికి నసీరుద్దీన్ తూసీకి అండగా నిలిచాడు. గజాన్ శిస్తు రేట్లను ఖరారు చేసి, అవి గ్రామాలలో అందరికీ కనిపించేలా చెక్కించమన్నాడు. 1323 ప్రాంతంలో మమ్లూకులతో సంధి కుదిరింది. అందువల్లనే ఇబ్న్ బతూతా బాగ్దాదులో శిథిలాలతో పాటు శుభ్రమైన స్నానశాలలనూ, నాలుగు మజ్‌హబుల బోధన జరిగే ముస్తన్సిరియా మదర్సానూ చూడగలిగాడు.

మరి తేడా ఎక్కడున్నది? సింహాసనం మీద కూర్చున్న వ్యక్తి మారడం వల్ల కైరోలో ఆసుపత్రి మూతపడలేదు, ఖాజీ న్యాయస్థానం ఆగలేదు, కాలువ పూడిక తీయడం మానలేదు. బాగ్దాదులో పాలకునితో పాటు ఈ పనులన్నీ కుంటుపడ్డాయి. కత్తి చంపేది ఒక తరాన్ని. కాలువ పూడిపోవడం, వక్ఫు ఆదాయం ఆగిపోవడం, లెక్కలు తెలిసినవారు వలసపోవడం తరువాతి తరాలను చంపుతాయి. పడిన గోడను పదేళ్ళలో లేపవచ్చు. నహ్రవాన్ కాలువ మాత్రం మళ్ళీ మునుపటిలా పారలేదు.

ఈ సత్యాన్ని శాస్త్రంగా చెప్పినవాడు ఇబ్న్ ఖల్దూన్. 1377లో రచించిన ముఖద్దిమాలో, అన్యాయం నాగరికతను ఎలా శిథిలం చేస్తుందో వివరించడానికి ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. కలహాలతో అలసిన మగ్రిబ్‌ను విడిచి 1382 చివరలో ఆయన ఈజిప్టు చేరాడు. ఖాజీగా పనిచేసి కైరోలోనే కన్నుమూశాడు. 1401లో దమస్కు వెలుపల ఆయన తైమూరును కలుసుకున్నాడు. అదే సంవత్సరం తైమూరు సేనలు బాగ్దాదును మరొకసారి ధ్వంసం చేశాయి.

మన్సూరీ ఆసుపత్రి ఉన్న చోట 20వ శతాబ్దంలో కంటి ఆసుపత్రి వెలిసింది. ఏడు వందల సంవత్సరాలకు పైగా ఆ స్థలం రోగుల కోసమే నిలిచిందంటే, దానికి ఒక సుల్తాను ఔదార్యం మాత్రమే కారణం కాదు. తరతరాలుగా దానిని కాపాడుకుంటూ వచ్చిన నిర్వాహకుల శ్రద్ధ కూడా కారణం. యుద్ధంలో వక్ఫు పాడైతే యుద్ధాన్ని నిందించవచ్చు. శాంతి ఉన్న నేల మీద, లెక్కలు అడిగేవారు లేక, అద్దెలు వసూలు చేసేవారు లేక ఒక మదర్సా కప్పు కూలితే, ఒక సమాధి స్థలం ఆక్రమణల పాలైతే, అందుకు హులాగూను నిందించలేము. శాంతి ఒక అమానతు. దానిని పొందినవారు దానితో ఏమి నిలబెట్టారన్న ప్రశ్నకు సమాధానం చెప్పుకోవలసి ఉన్నది.