విసెరాలో నొప్పి నివారణ మందు: నివేదికను చదువవలసిన తీరు

అనంతపురం: వర్షాభావ పీడితమైన ఈ జిల్లాలో అనుమానాస్పద మరణం సంభవించినప్పుడు విసెరా నివేదిక పోలీసు దర్యాప్తుకే పరిమితం కాదు. రైతు ఆత్మహత్యలపై 2004 జూన్ 1న వెలువడిన జి.ఓ.ఎం.ఎస్. నెం. 421 ననుసరించి, సహాయం మంజూరుకు ముందు డివిజన్ స్థాయి కమిటీ పరిశీలించే పత్రాలలో ఫోరెన్సిక్ నివేదిక కూడా చేరినది. పురుగుమందుకు బదులు ట్రమడాల్ పేరు అందులో కనిపించినప్పుడు తొందరపాటు వ్యాఖ్యలకు తావుండరాదు.

ట్రమడాల్ నల్లమందు తరహాలో పనిచేయు నొప్పి నివారిణి. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దీనిని ఎన్.డి.పి.ఎస్. చట్ట పరిధిలోనికి తెచ్చినది. అయినను శస్త్రచికిత్సానంతరం, తీవ్రమైన నొప్పులకు వైద్యులు నేటికీ వ్రాయుచున్న మందే. కావున శరీరంలో అది ఉన్నదనుట వేరు, దానివలననే మరణించినారనుట వేరు. చికిత్స పొందుచున్న వారి రక్తంలో లీటరుకు సుమారు 0.1 నుండి 0.8 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చును. 1 మిల్లీగ్రాము దాటినచో విషప్రభావాన్ని అనుమానిస్తారు. అలవాటు పడినవారి విషయంలో ఈ అంకె కూడా కచ్చితమైన హద్దు కాదు.

రక్తం ఎచ్చట తీసినారన్నది మరింత ముఖ్యం. మరణానంతరం కాలేయం, ఊపిరితిత్తుల నుండి మందు గుండెలోని రక్తంలోనికి చేరి, అంకెను హెచ్చుగా చూపగలదు. అందువలన తొడ సిర నుండి తీసిన రక్తమే పరిమాణ నిర్ధారణకు ప్రధానం. కాలేయ భాగాన్ని తూచి, మెత్తగా నూరి, తెలిసిన పరిమాణంలో ప్రమాణ పదార్థాన్ని కలిపి, క్షార స్థితిలో ద్రావణితో మందును వేరుచేసి మాస్ స్పెక్ట్రోమీటరుపై కొలుస్తారు. ఫలితాన్ని కిలోకు మిల్లీగ్రాములలో తెలుపుతారు. కాలేయంలో ట్రమడాల్ మార్పు చెంది ఏర్పడు ఓ-డెస్మిథైల్ ట్రమడాల్‌ను కూడా కొలవడం అవసరం. అసలు మందు అధికంగానూ, ఇది స్వల్పంగానూ ఉన్నచో, సేవించిన కొద్దిసేపటికే మరణం సంభవించి ఉండవచ్చునని భావిస్తారు. అయితే కొందరిలో ఈ మార్పు పుట్టుకతోనే మందకొడిగా జరుగును.

నమూనాల భద్రత సంగతి. సాధారణంగా అవయవ భాగాలను సంతృప్త ఉప్పు ద్రావణంలో, రక్తాన్ని సోడియం ఫ్లోరైడ్ గల సీసాలో ఉంచాలి. ఫార్మలిన్ వాడరాదు. వాడిన ద్రావణం నమూనాను కూడా వేరుగా పంపాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఈ ప్రాంతంలో, మారుమూల మండలం నుండి సీలు వేసిన పెట్టె ప్రయోగశాలకు చేరుటలో జాప్యం జరిగినచో కుళ్ళిన కణజాలం కొలతను క్లిష్టతరం చేయును.

ప్రయోగశాల ఏ పదార్థం, ఎంత ఉన్నదో మాత్రమే తెలుపును. మరణ కారణంపై తుది అభిప్రాయాన్ని, ఆ నివేదిక అందిన పిమ్మట, శవపరీక్ష జరిపిన వైద్యుడు ఇస్తారు. అంతవరకు అభిప్రాయం నిలుపుదలలో ఉన్నట్లే పరిగణించాలి.