శీర్షికల నిర్మాణం (వెబ్ పేజీలు)

శీర్షికల నిర్మాణం అనగా ఒక వెబ్ పేజీలోని విషయాన్ని ప్రధాన శీర్షిక, ఉపశీర్షికలు, వాటి లోపలి చిన్న శీర్షికలుగా వరుసక్రమంలో అమర్చే పద్ధతి. ఇందుకోసం హెచ్.టి.ఎం.ఎల్. భాషలో హెచ్1 మొదలుకొని హెచ్6 వరకు ఆరు స్థాయిలు ఉన్నాయి. ఒకే మూస ఆధారంగా అనేక పేజీలను తయారుచేసే జాలస్థలులలో దీనికి ప్రాముఖ్యం ఎక్కువ. మూసలో ఒక్క పొరపాటు దొర్లితే అది ఆ మూసను వాడే పేజీలన్నిటిలోనూ కనబడుతుంది.

స్థాయిలు

హెచ్1 పుస్తకం పేరు వంటిది. హెచ్2 అధ్యాయం, హెచ్3 అందులోని ప్రకరణం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసం పేరే హెచ్1 అవుతుంది. అందుచేత వ్యాసం లోపలి విభాగాలను హెచ్2తో, అంటే ఇరువైపులా రెండేసి సమాన చిహ్నాలతో, మొదలుపెట్టాలి. అక్షరాలు చిన్నవిగా కనబడాలని హెచ్2 తరువాత నేరుగా హెచ్4 వాడటం సరికాదు. అక్షరాల పరిమాణం శైలి నియమాలకు సంబంధించిన పని. అలాగే ఒక వాక్యాన్ని బొద్దుగా చేసినంత మాత్రాన అది శీర్షిక కాదు. చూసేవారికి శీర్షికలాగే ఉంటుంది గాని, యంత్రానికి అది మామూలు వాక్యమే.

మూసలో వచ్చే చిక్కులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలకు ఒకే మూసతో మూడు పేజీలు తయారుచేశారనుకుందాం. మూసలో "నల్గొండ జిల్లా పట్టణం" అన్న మాట హెచ్1గానూ, పట్టణం పేరు బొద్దు అక్షరాలలోనూ ఉంటే, మూడు పేజీలకూ ప్రధాన శీర్షిక ఒకటే అవుతుంది. ఏ పేజీ ఏ ఊరిదో శీర్షికను బట్టి తెలియదు. పైగా 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగి సూర్యాపేట, కోదాడ కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరాయి. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉంది. ఆ రోజుతో మూసలోని శీర్షిక రెండు పేజీలలో తప్పయింది. పట్టణం పేరును హెచ్1గా ఉంచి, జిల్లా పేరును ఏ పేజీకి ఆ పేజీలోనే ఇవ్వటం దీనికి పరిష్కారం.

ఖాళీ శీర్షికలు మరొక లోపం. మిర్యాలగూడ రైలు మార్గంలో ఉన్న పట్టణం. సూర్యాపేట, కోదాడలకు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారే ఆధారం. మూసలో "రైల్వే స్టేషను" అన్న శీర్షికను శాశ్వతంగా పెడితే, ఆ రెండు పేజీలలో దాని కింద వ్రాయటానికి ఏమీ ఉండదు. "రవాణా" అని పెడితే మూడింటికీ సరిపోతుంది. మిర్యాలగూడ పేజీలో మాత్రం "బియ్యం మిల్లులు" అని విడిగా ఒక శీర్షిక ఉండటం న్యాయం.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కొందరు మిర్యాలగూడ అని, కొందరు మిర్యాలగూడెం అని వెతుకుతారు. రెండు రూపాలనూ మొదటి వాక్యంలో ఇస్తే చాలు, ప్రతి శీర్షికలోనూ కుక్కనక్కరలేదు.

శోధన యంత్రాలు

శీర్షికలు పేజీలోని విషయాన్ని గ్రహించటానికి శోధన యంత్రాలకు తోడ్పడతాయి. అయితే స్థాయిల వరుస తప్పినా తమ శోధనకు ఇబ్బంది లేదని గూగుల్ తన మార్గదర్శకాలలో చెబుతోంది. కనుక వరుస సరిచేయగానే పేజీ మొదటి స్థానానికి వస్తుందని ఆశించరాదు. తెలుగు పేజీలకు అంతకంటె పెద్ద నష్టం శీర్షికను బొమ్మగా పెట్టటం వలన, యూనికోడ్ కాని ఫాంటులో వ్రాయటం వలన కలుగుతుంది. అటువంటి శీర్షిక తెలుగులో వెతికేవారికి దొరకటం కష్టం.

అంధ పాఠకులు

వరుసక్రమం వలన నిజమైన మేలు అంధ పాఠకులకు కలుగుతుంది. ఎన్.వి.డి.ఏ. వంటి తెర చదివే సాఫ్టువేరులో హెచ్ మీట నొక్కితే తరువాతి శీర్షికకు, 2 నొక్కితే తరువాతి హెచ్2కు వెళ్ళవచ్చు. శీర్షికలు బొద్దు అక్షరాలు మాత్రమే అయితే ఈ మీటలు పనిచేయవు. "విద్య" అన్న విభాగం కావలసిన విద్యార్థి పేజీని మొదటి నుండి వినవలసి వస్తుంది.