హెపటైటిస్-బి: అవగాహన, పరీక్షలు, నిపుణుల వైద్యం - పల్నాడు జిల్లా

నరసరావుపేట: కాలేయమునకు సోకే హెపటైటిస్-బి వైరస్ చాలా ఏళ్లు ఎట్టి లక్షణములూ లేకుండా శరీరంలో ఉండి, కొందరిలో సిర్రోసిస్‌కు, కాలేయ కాన్సర్‌కు దారితీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో 2.98 కోట్ల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు.

సంక్రమణ: ప్రసవ సమయంలో తల్లి నుండి బిడ్డకు, కలుషిత రక్తము, సూదులు, క్షౌరపు కత్తులు, పచ్చబొట్ల పరికరాలు, అరక్షిత లైంగిక సంబంధముల ద్వారా ఇది వ్యాపిస్తుంది. కలసి భుజించుట వలన, కరచాలనం వలన సోకదు. కావున రోగులను కుటుంబంలోనూ, పనిచేసే చోటనూ వేరుగా చూడవలసిన అవసరం లేదు.

టీకా: 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దేశంలో తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. ప్రస్తుతం సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద పుట్టిన 24 గంటలలోపు ఒక మోతాదు, అనంతరం 6, 10, 14 వారాలలో పెంటావాలెంట్ టీకా ఉచితంగా ఇస్తున్నారు. శైశవంలో వైరస్ సోకిన వారిలో సుమారు 90 శాతం మందికి వ్యాధి దీర్ఘకాలికమవుతుంది. పెద్దలలో ఇది 5 శాతం లోపే. మొదటి రోజు టీకా ప్రాముఖ్యం ఇందువలననే. తల్లికి వ్యాధి ఉన్నచో శిశువుకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా ఇవ్వవలెను.

పరీక్షలు, చికిత్స: హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష ఆరు నెలలకు పైగా పాజిటివ్‌గా ఉన్నచో దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ మందులు అవసరం ఉండవు. వైరస్ పరిమాణం, కాలేయ పనితీరు, స్కానింగ్ ఫలితాలను బట్టి నిపుణులు నిర్ణయిస్తారు. టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు వైరస్‌ను అదుపులో ఉంచుతాయి. వైద్యుల సలహా లేకుండా వాటిని నిలిపివేసిన వ్యాధి తీవ్రమయ్యే ప్రమాదం కలదు. కామెర్లని భావించి పసరు మందులు, వాతలతో కాలయాపన చేయుట ప్రాణాంతకం కాగలదు.

ఎక్కడ సంప్రదించాలి: 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతవాసులు తొలుత స్థానిక ప్రభుత్వ ఆసుపత్రిని సంప్రదించి, అవసరమైనచో రిఫరల్ పత్రంతో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గాని, మంగళగిరి ఎయిమ్స్‌కు గాని వెళ్లవచ్చును. మాచర్ల నుండి గుంటూరు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం. నడికుడి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా రైలు మార్గం కలదు. పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లినచో పరీక్షలు పునరావృతం కాకుండా, మరల ప్రయాణించే శ్రమ తగ్గుతుంది.