కాలేజీ ఈడులో ఎత్తు పెరుగుదల

ఇంటర్ ముగించి డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరిన పిల్లలు, పట్టా చేతికొచ్చే 21, 22 ఏళ్ల లోపు ఇంకా పొడుగు పెరుగుతారా అన్నది వైద్యులకూ పోషకాహార శాస్త్రజ్ఞులకూ చాలా పాత ప్రశ్న. స్థూలంగా చెప్పాలంటే ఆడపిల్లల్లో ఆ పెరుగుదల దాదాపు ఉండదు. మగపిల్లల్లో కొందరికి కొద్దిగా, సాధారణంగా ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటుంది. యుక్తవయసు ఆలస్యంగా వచ్చిన కొద్దిమందికి అంతకు మించీ ఉండవచ్చు.

నెల్లూరు తీరంలో, గూడూరుకు తూర్పున ఉన్న కోట ప్రాంతంలో ఈ ప్రశ్న ఏటా కొత్తగా పుడుతుంది. కోట పక్కనే విద్యానగర్ ఉంది. అక్కడ 1979లో ఎన్.బి.కె.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల వెలిసినప్పటి నుంచి తీరప్రాంతపు ఊళ్ల పిల్లలకు కాలేజీ ఇంటికి దగ్గరైంది. సెలవులకు ఇంటికొచ్చిన కుర్రవాణ్ణి చూసి అమ్మమ్మ "ఎంత పొడుగయ్యావు నాయనా!" అంటుంది. గోడకు వీపు ఆనించి నిలబెట్టి, తల మీద నోటుపుస్తకం బల్లపరుపుగా పెట్టి, దాని అడుగున పెన్సిలుతో గీత గీస్తారు. పాత గీతకూ కొత్త గీతకూ మధ్య వేలెడు దూరం కూడా ఉండదు. ఒక్కోసారి రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఆ గీతను నమ్మే ముందు అది ఏ పూట గీసిందో చూడాలి. రాత్రంతా పడుకుని లేచిన మనిషి, సాయంత్రం కన్నా ఒక సెంటీమీటరు, ఒక్కోసారి అంతకు కొంచెం ఎక్కువే పొడుగుంటాడు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్లలు రాత్రి నీరు పట్టి ఉబ్బుతాయి, పగలంతా శరీరం బరువు మోసి అణుగుతాయి. నిరుడు సాయంత్రం గీసిన గీత పక్కన ఈ ఏడు తెల్లవారి గీసినది చేరిస్తే ఎదగని పిల్లవాడు కూడా ఎదిగినట్టే కనిపిస్తాడు.

ఈ తేడా చిన్నదే కానీ ఉద్యోగాల దగ్గర పెద్దదవుతుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులకు 167.6 సెంటీమీటర్లు, మహిళలకు 152.5 సెంటీమీటర్లు కనీస ఎత్తుగా అడుగుతూ వచ్చారు; ఏజెన్సీ ప్రాంతాల గిరిజన అభ్యర్థులకు సడలింపు ఉంది. 167 దగ్గర ఆగిపోయిన 19 ఏళ్ల కుర్రవాడికి ఆ ఆరు మిల్లీమీటర్లే ఉద్యోగం. కాలేజీ మైదానంలో ఇనుప కడ్డీ పట్టుకుని వేలాడే వాళ్లలో ఆ లెక్క వేసుకునేవాళ్లు తక్కువేమీ కాదు. వేలాడితే వెన్ను బిళ్లలు కాసేపు సాగుతాయి, నిలబడి నడిస్తే మళ్లీ సర్దుకుంటాయి. ఎముక మాత్రం సాగదు.

ఎముక పొడుగయ్యే చోటు వేరు. తొడ ఎముక, కాలి ఎముక వంటి పొడవాటి ఎముకల కొసల దగ్గర మృదులాస్థితో ఏర్పడిన పల్చని పొర ఉంటుంది. దాన్ని ఎదుగుదల ఫలకం అంటారు. అందులోని కణాలు వరుసలు కట్టి విభజన చెందుతూ ఎముకను ముందుకు నెడతాయి, వెనక వదిలినది గట్టిపడి ఎముకగా మారుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు "ఎముక లేతగా ఉన్నప్పుడే" అనే మాట శాస్త్రానికి చాలా దగ్గర. ఎముక ముదరడమంటే ఈ పొర పూర్తిగా ఎముకగా మారిపోవడమే. ఆ తర్వాత తిండి గానీ వ్యాయామం గానీ మందు గానీ పనిచేయడానికి అక్కడ పెరిగే కణజాలమే మిగలదు.

దాన్ని ముదిరించేది ప్రధానంగా ఈస్ట్రోజెన్ హార్మోను, ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్లలోనూ. 1994కు ముందు పురుషుల్లో ఆ పని టెస్టోస్టెరాన్‌దే అని ఎక్కువమంది అనుకునేవారు. ఆ ఏడాది అమెరికా వైద్యులు 28 ఏళ్ల వ్యక్తి గురించి రాశారు. ఆయన ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతున్నాడు, ఎముకల వయసు చూస్తే 15 ఏళ్లే. టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉంది. లోపమల్లా ఆయన కణాలు ఈస్ట్రోజెన్‌ను గుర్తించలేకపోవడం. పెద్దమనిషి అయ్యాక ఆడపిల్ల ఎక్కువ ఎదగదని మన ఇళ్లలో అనుకునే మాటకు ఆధారం ఈ హార్మోనులోనే ఉంది. అయితే "అసలు ఎదగదు" అనడం తప్పు. రజస్వల అయ్యాక రెండు మూడేళ్ల పాటు సగటున ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు పెరగడం మామూలే. 13 ఏళ్లకు పెద్దమనిషి అయిన పిల్లకు ఇంటర్ చేరేసరికి ఆ వాటా దాదాపు అయిపోతుంది.

ఏ ఏట ఆగుతుందన్న దగ్గర లెక్కలు కలవవు. బెల్జియం గణాంక శాస్త్రజ్ఞుడు కెట్లే 1830లలో బ్రస్సెల్స్ యువకుల కొలతలు పోల్చి, 19 తర్వాత 25 దాకా, ఆపైన కూడా పెరుగుదల ఉందని రాశాడు. అయితే ఆయన చూసింది ఒకే మనుషులను ఏళ్ల తరబడి కాదు, వేర్వేరు వయసుల వేర్వేరు మనుషులను. పైగా అది తిండి తక్కువై యుక్తవయసు ఆలస్యంగా వచ్చే కాలం. అమెరికాలో ఒకే పిల్లలను ఏళ్ల తరబడి కొలిచి రోచ్, డావిలా 1972లో ఇచ్చిన లెక్క వేరు: పూర్తి ఎత్తుకు చేరే మధ్యస్థ వయసు అబ్బాయిల్లో 21.2, అమ్మాయిల్లో 17.3. ఒకే మనిషిని వెంబడించి కొలిచింది గనుక ఈ రెండో లెక్కనే ఎక్కువ నమ్మదగినదిగా తీసుకోవచ్చు. ఆ చివరి ఏళ్లలో వచ్చే కాస్త పొడుగు ఎక్కువగా కాళ్లలో కాక నడుము పైభాగంలో వస్తుంది. ప్యాంటు పొట్టిదైందా అని చూడటం కన్నా చొక్కా అంచు పైకి జరిగిందా అని చూడటమే మేలైన గుర్తు.

25 అన్న అంకె జనంలో నిలిచిపోవడానికి మరో కారణం కూడా ఉండవచ్చు. మెడ కింది జత్రుక ఎముక లోపలి కొస ఇరవైలలో గానీ అతకదు. అది అతికినా అతకకపోయినా ఎత్తుకు సంబంధం లేదు. భారతీయులలో ఎముకల కొసలు అతికే వయసులకు గాల్‌స్టాన్ 1930లలో బెంగాల్‌లో చేసిన పరిశీలనలు చాలాకాలం ప్రమాణంగా నిలిచాయి. మణికట్టు దగ్గర అతుకు స్త్రీలలో 16, 17కూ, పురుషులలో 18 ప్రాంతానికీ ముగుస్తుందని వాటి సారం. ఆ వయసులను అటూ ఇటూ జరుపుకునే చదవాలి. సుప్రీంకోర్టు కూడా 1982 నాటి జయమాల కేసులో, ఎక్స్‌రేతో తేల్చిన వయసులో రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉండవచ్చని చెప్పింది.

తెలుగు నేల మీద ఈ విషయానికి దొరికే గట్టి ఆధారం హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అక్కడి శాస్త్రజ్ఞులు సత్యనారాయణ, నాదముని నాయుడు, నరసింగరావు నగరం చుట్టుపక్కల పల్లెల మగపిల్లలను ఐదో ఏట నుంచి యుక్తవయసు దాటేదాకా వెంబడించి, ఫలితాలను 1979, 1980 ప్రాంతాల్లో వెల్లడించారు. ఐదేళ్లకే బాగా పొట్టిగా ఉన్న పిల్లల్లో యుక్తవయసు ఉరవడి ఆలస్యంగా వచ్చింది, నెమ్మదిగా సాగింది, కానీ ఎక్కువ కాలం సాగింది. మొత్తం మీద ఆ ఏళ్లలో వాళ్లు పొందిన ఎత్తు తోటివాళ్లు పొందినంతే. ఐదో ఏట ఉన్న వెనకబాటు మాత్రం పెద్దయ్యాక కూడా అలాగే ఉండిపోయింది. తోటివాళ్లు ఆగిపోయాక కూడా ఎదిగే కుర్రవాణ్ణి చూసి "వీడు లేటుగా పెరిగాడు" అని ఇంట్లో సంతోషిస్తారు. ఆ లేటు వెనక కొన్ని ఇళ్లలో వంశలక్షణం ఉంటుంది, కొన్ని ఇళ్లలో చిన్ననాటి ఆకలి ఉంటుంది. రెండో దాని గురించి మనం మాట్లాడుకోవలసినంత మాట్లాడుకోవడం లేదు.

చిన్ననాడు పెట్టిన తిండి కౌమారంలో ఎలా కనబడుతుందో మరో అధ్యయనం కొలిచి చూపింది. 1987-90 మధ్య హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో కొన్నింటిలో గర్భిణులకూ ఆరేళ్ల లోపు పిల్లలకూ అదనపు ఆహారం అందింది, మిగతా వాటిలో అందలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక, 2003-05లో మళ్లీ కొలిచారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. రక్తనాళాలు, ఇన్సులిన్ పనితీరు కూడా మెరుగ్గా ఉన్నాయి. కిన్రా బృందం 2008లో ఇది ప్రచురించింది. కానిస్టేబుల్ ఎంపికలో ఓడిపోయే ఆ ఆరు మిల్లీమీటర్ల పక్కన ఈ పద్నాలుగు మిల్లీమీటర్లు పెట్టి చూడాలి. అవి మైదానంలో కడ్డీ పట్టుకుని వేలాడితే వచ్చినవి కావు, తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఊళ్లో గిన్నెలో పడినవి.

ఐదేళ్ల తర్వాత లోటు తీరే దారి పూర్తిగా మూసుకుపోతుందా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. ఆంధ్రప్రదేశ్‌తో పాటు ఇతర దేశాలు మూడింటిలోని పిల్లలను 2002 నుంచి వెంబడించిన 'యంగ్ లైవ్స్' సమాచారంలో, ఎనిమిదేళ్లకు ఎదుగుదల కుంగిన పిల్లల్లో మూడో వంతుకు పైగా పదిహేనేళ్లకు ఆ కోవ నుంచి బయటపడ్డారని కొందరు పరిశోధకులు చూపారు. అయితే కొలబద్ద గీతను దాటడం వేరు, సెంటీమీటర్ల లోటు పూర్తిగా తీరడం వేరు. హైదరాబాద్ పల్లెల ఫలితాన్ని ఇది కొట్టివేసిందనడం కష్టం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివారే.

సగటు ఎత్తుల మీద మరో వివాదం నడిచింది. అవే సర్వేల పాత విడతల ఆధారంగా, 2005-06, 2015-16 మధ్య 15-25 ఏళ్ల భారతీయ పురుషుల సగటు 1.10 సెంటీమీటర్లు తగ్గిందని 2021లో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. పదిహేనేళ్ల కుర్రవాణ్ణి ఎదుగుదల ముగిసినవారితో కలిపి లెక్కించడం ఈ అంకెకున్న బలహీనత. దాన్ని ఆ జాగ్రత్తతోనే చదవాలి. అలాగే జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల్లో పురుషుడికి 177, స్త్రీకి 162 సెంటీమీటర్లని చూసి, మన సగటు ఎత్తు పెరిగిందని చాలామంది పొరబడ్డారు. అవి పోషకాల అవసరం లెక్కగట్టడానికి ఎంచుకున్న ప్రమాణ కొలతలు, సగటులు కావు. 177 లేదని ఏ విద్యార్థీ కుంగిపోనక్కరలేదు.

పొడుగు పెంచుతామనే పొడులు, మాత్రల ప్రకటనలకు చట్టం ఎప్పుడో అడ్డు చెప్పింది. మందులు, మంత్రచికిత్సల అభ్యంతరకర ప్రకటనల నిషేధానికి 1954లో వచ్చిన చట్టం అనుబంధంలో మనిషి ఎత్తు కూడా ఒక అంశం. ఎముకల కొసలు అతికాక గ్రోత్ హార్మోను సూది కూడా ఎత్తు ఇవ్వదు, ఇష్టమొచ్చినట్టు వాడితే చేతులు, పాదాలు, దవడ మందమయ్యే ప్రమాదం ఉంది. ఇక మిగిలింది శస్త్రచికిత్స. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ 1950లలో రూపొందించిన పద్ధతిలో ఎముకను కోసి, ఇనుప చట్రం బిగించి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తారు. అది ప్రమాదాల్లో కాళ్లు దెబ్బతిన్నవారికీ పుట్టుకతో కాలు పొట్టిగా ఉన్నవారికీ వరం. 2016 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవైల తొలినాళ్లలో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తల్లిదండ్రులకు చెప్పకుండా, పొడుగు కోసమే ఈ చికిత్స చేయించుకున్నాడు. తెలిసి తల్లిదండ్రులు తల్లడిల్లారు, విషయం వైద్య మండలి దాకా వెళ్లింది. ఆ కుర్రవాడు అప్పటికే సగటు తెలుగువాడి కన్నా పొట్టి కాదని నాటి వార్తలు.

కాలేజీ వయసులో నిజంగా వైద్యుడిని చూడవలసిన సందర్భాలు రెండు. 17 దాటినా గొంతు మారక, మీసం మొలవక ఉన్న అబ్బాయి, పదహారుకు కూడా రజస్వల కాని అమ్మాయి మొదటి కోవ. ఇరవై దాటినా చెప్పుల సైజు, ఉంగరం కొలత పెరుగుతూ పోయేవారు రెండో కోవ. వీరిలో పిట్యూటరీ గ్రంథిలో కణితి ఉందేమో చూస్తారు. మొదటి కోవవారికి వైద్యుడు ముందు ఎడమ చేతి ఎక్స్‌రే తీయిస్తాడు. వేళ్ల ఎముకల కొసల దగ్గర, మణికట్టు దగ్గర సన్నని నల్లటి గీతలు కనిపిస్తే ఎముక ఇంకా లేతదని అర్థం. ఆ చిత్రాన్ని గ్రూలిష్, పైల్ 1950లో వెలువరించిన పటాలతో పోల్చి ఎముకల వయసు కడతారు. ఆ పటాలు అమెరికా పిల్లలవి కనుక మన పిల్లలకు వాడేటప్పుడు కొంత సవరించుకుంటారు. నల్ల గీతల చోట తెల్లని ఎముకే కనిపిస్తే, గోడ మీది పెన్సిలు గీత ఇక దాదాపు కదలదు.